చిన్న తెరచాప పడవ, పిల్లల చేతులు, ముడులు: ఏ తాడుకు ఏ ముడి, ఎందుకు?

పిల్లల్ని సెయిలింగ్ శిక్షణలో చేర్పించిన తల్లిదండ్రులకు మొదటి వారంలోనే ఒక సందేహం వస్తుంది. ఒకచోట పది ముడులు వచ్చేదాకా పడవ ఎక్కనివ్వరు. మరోచోట ముడుల ఊసే లేకుండా మొదటిరోజే నీళ్ళలోకి దింపుతారు. ఒక శిక్షకుడు పడవంతా పిల్లల చేతే బిగింపిస్తే, ఇంకొకరు అన్నీ తామే సిద్ధం చేసి పిల్లల్ని కూర్చోబెడతారు. వీటిలో ఏది సరైన పద్ధతి అని అడిగితే ఎవరి కారణాలు వాళ్ళు చెబుతారు, అన్నీ సబబుగానే వినిపిస్తాయి. ఈ చిక్కు విడదీయాలంటే ముందు పడవలో ఏ తాడు ఏం పని చేస్తుందో, అసలు ముడి ఎలా నిలుస్తుందో తెలియాలి.

పడవలో ఏ భాగం ఏం చేస్తుంది

ఒకరిద్దరు నడపగలిగే చిన్న పడవను డింగీ అంటారు. విడివిడిగా ఉన్న భాగాలను దానికి అమర్చి, తాళ్ళతో బిగించి నీళ్ళలోకి దించేందుకు సిద్ధం చేయడమే రిగ్గింగ్. నిలువుగా నిలబడే స్తంభం మాస్ట్. తెరచాప అడుగు అంచును పట్టి ఉంచే అడ్డకర్ర బూమ్. పడవ మధ్యలోని చీలిక గుండా నీళ్ళలోకి దిగే పలక డాగర్‌బోర్డ్; గాలి పక్కనుంచి తోస్తున్నా పడవ పక్కకు కొట్టుకుపోకుండా ఆపేది అదే. వెనక చుక్కాని ఉంటుంది. తెరచాపను దగ్గరికి లాగడానికీ వదలడానికీ చేతిలో ఉండే తాడు మెయిన్‌షీట్. పడవ ముక్కు వైపు కట్టి ఉండే పొడవాటి తాడు పెయింటర్. పడవను ఒడ్డున కట్టేయడానికీ, అవసరమైతే ఇంకో పడవతో లాగించుకోవడానికీ అది పనికొస్తుంది.

పిల్లల పడవల్లో ప్రపంచమంతటా కనిపించేది ఆప్టిమిస్ట్. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ దీన్ని రూపొందించాడు. పొడవు సుమారు 2.3 మీటర్లు, ఖాళీ పడవ బరువు 35 కిలోలు. పదిహేనేళ్ళ వరకు పిల్లలు దీనిలో పోటీ పడతారు. ముడుల గురించి మాట్లాడాలంటే ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. దీనిలో తెరచాప మాస్ట్‌కూ బూమ్‌కూ చిన్నచిన్న తాళ్ళతో, ఒక్కొక్క కంత దగ్గర ఒక్కొక్క ముడితో నిలుస్తుంది. తెరచాప బయటి పై మూలను స్ప్రిట్ అనే సన్నటి కర్ర ఏటవాలుగా పైకి తోసి పట్టుకుంటుంది. ఆ కర్ర కింది కొసను పైకి లాగి పట్టేది మళ్ళీ ఒక తాడే.

పెద్దపిల్లలు నడిపే లేజర్ అనే పడవ వేరే తీరు. దానిలో తెరచాప అంచు గొట్టంలా కుట్టి ఉంటుంది, మాస్ట్‌కు తొడిగేస్తే చాలు. కట్టాల్సిన ముడులు తక్కువ, వాటి మీద పడే బరువు ఎక్కువ. 'పిల్లలకు ఎన్ని ముడులు రావాలి' అన్న ప్రశ్నకు ఒక్క అంకెలో జవాబు లేకపోవడానికి ఇది మొదటి కారణం. పడవ మారితే జాబితా కూడా మారుతుంది.

ముడి జారకుండా నిలిచేది దేనివల్ల

తాడును తాడే నొక్కుకోవడం వల్ల పుట్టే రాపిడి ముడిని నిలబెడుతుంది. దాని శక్తిని ముడి వేయకుండానే చూడవచ్చు. తాడును నున్నటి కడ్డీ చుట్టూ తిప్పితే, ఒక కొసన ఉన్న లాగుడును రెండో కొసన ఎంత తక్కువ బలంతో ఆపవచ్చో 18వ శతాబ్దంలో గణితవేత్త ఆయిలర్ సూత్రం కట్టాడు. ఆ సూత్రం ప్రకారం చుట్లు పెరిగేకొద్దీ పట్టు కూడికలా కాక, గుణకారంలా పెరుగుతుంది.

ఒక లెక్క చూద్దాం. రాపిడి గుణకం, అంటే తాడుకూ కడ్డీకీ మధ్య రాపిడి ఎంతో చెప్పే అంకె, 0.25 అనుకుందాం. గాలికి పడవ 20 కిలోల బలంతో తాడును లాగుతోంది. తాడు కడ్డీని అరచుట్టు మాత్రమే తాకుతుంటే రెండో కొసను పట్టుకోవడానికి 9 కిలోలకు పైగా బలం కావాలి. ఎనిమిదేళ్ళ పిల్లకు అది కష్టం. అదే తాడును ఇంకో పూర్తి చుట్టు తిప్పితే తాకిడి ఒకటిన్నర చుట్టు అవుతుంది, అప్పుడు కావలసిన బలం 2 కిలోల లోపే. రెండు వేళ్ళతో పట్టుకోవచ్చు. ఆ ఒక్క చుట్టు చేసే మేలు ఇంత. అందుకే పడవను కట్టే ముడుల్లో 'రౌండ్ టర్న్, టూ హాఫ్ హిచెస్' అనేదాన్ని శిక్షకులు అంతగా ఇష్టపడతారు. ముందు కడ్డీకి నిండుగా చుట్టు, ఆ తర్వాత తాడు మీదే రెండు సగం ముడులు. బరువును చుట్టు మోస్తుంది, సగం ముడులు కొస జారకుండా కాపలా కాస్తాయి. తాడు బిగుతుగా లాగుతున్నా సగం ముడులు విప్పి, చుట్టు మీద పట్టు ఉంచుకుని మెల్లగా వదలవచ్చు.

రాపిడి ఒక్కటే సరిపోదు, తాడు మెలికలు ఏ దిక్కుకు తిరుగుతున్నాయన్నదీ ముఖ్యమే. చూడటానికి కవలల్లా ఉండే రెండు ముడులు దీనికి సాక్ష్యం. కుడి కొస ఎడమ మీదుగా ఒకసారి, తర్వాత ఎడమ కొస కుడి మీదుగా ఒకసారి వేస్తే వచ్చేది రీఫ్ ముడి. రెండుసార్లూ ఒకే వైపు నుంచి వేస్తే వచ్చేది గ్రానీ ముడి. రెండో దానికి జారే గుణం బాగా ఎక్కువ. ఎం.ఐ.టి. పరిశోధకులు లాగుడుకు రంగు మారే పోగులతో ముడులు వేసి చూసి, 2020లో 'సైన్స్' పత్రికలో దీనికి కారణం వివరించారు. రీఫ్ ముడిలో పక్కపక్క తాళ్ళు ఒకదానికొకటి ఎదురు దిక్కుల్లో మెలితిరగబోతాయి, కాబట్టి ఒకదాన్నొకటి ఆపుకుంటాయి. గ్రానీలో అవి కలిసి దొర్లిపోతాయి.

పిల్లల విషయానికొస్తే దీనిలో ఒక ఉపయోగం ఉంది. బూటు లేసుకు వేసే పువ్వు ముడి నిజానికి రీఫ్ ముడే, కొసలు లాగే బదులు మడతలు లాగుతాం, అంతే తేడా. లేసు పువ్వు పాదానికి అడ్డంగా పడుకోకుండా ఎప్పుడూ నిలువుగా తిరిగిపోయే పిల్లవాడు లేసు గ్రానీగా కడుతున్నాడన్నమాట. అదే అలవాటు తెరచాప తాళ్ళకూ వస్తుంది. మొదటిరోజు పాదాలకేసి చూసిన శిక్షకుడికి ఎవరికి సాయం కావాలో అప్పుడే తెలిసిపోతుంది.

ఒకే ముడి ఒకచోట సరి, ఇంకోచోట ప్రమాదం

రీఫ్ ముడి మంచిదా చెడ్డదా అన్నది ఈ రంగంలో ఎడతెగని వాదం. మంచిదేనంటారు కొందరు, పిల్లలకు నేర్పనే కూడదంటారు మరికొందరు. ఇద్దరి మాటా నిజమే, వాళ్ళు మాట్లాడుతున్నది వేర్వేరు పనుల గురించి.

ఆప్టిమిస్ట్ తెరచాపను మాస్ట్‌కు కట్టే చిన్న తాడును తీసుకోండి. రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న తాడు కంత గుండా దూరి, మాస్ట్‌ను చుట్టి వచ్చి, తన రెండో కొసతోనే కలుస్తుంది. ముడి మాస్ట్‌కు ఆనుకుని ఉంటుంది. రెండు కొసల మీదా లాగుడు సమానం. కావలసింది చదునుగా పడుకునే, పొడవు కచ్చితంగా కుదిరే ముడి. రీఫ్ ముడి పుట్టిందే ఇలాంటి పనికి.

ఇప్పుడు గాలి పడిపోయి, ఒక మోటారు పడవ మన పడవను లాక్కెళ్ళాల్సి వచ్చిందనుకుందాం. పెయింటర్ పొడవు చాలలేదు, ఇంకో తాడు కలపాలి. ఒకటి సన్నం, ఒకటి లావు. ఇక్కడ రీఫ్ ముడి వేస్తే దానికి ఆనుకోవడానికి ఏ స్తంభమూ లేదు. అల వచ్చినప్పుడల్లా తాడు సడలి మళ్ళీ బిగుస్తుంది. ఒక కొస కుదుపుకు లాగబడితే ముడి రూపమే మారిపోతుంది: ఒక తాడు నిటారుగా సాగి, రెండోది దాని మీద రెండు మెలికలుగా మిగిలి, నున్నగా జారి బయటికొచ్చేస్తుంది. ఈ పనికి షీట్ బెండ్ ఉంది. లావు తాడును మడిచి, సన్న తాడును ఆ మడత వెనకనుంచి చుట్టి తన కిందే దూర్చే ముడి అది. రెండు తాళ్ళ మందం వేరైనా పట్టు నిలుస్తుంది.

కాబట్టి 'రీఫ్ ముడి వచ్చు' అన్న మాటకు పెద్ద విలువ లేదు. 'రీఫ్ ముడి ఎక్కడ వేయకూడదో తెలుసు' అన్నదే అసలు విద్య. ముడుల పేర్ల జాబితాతో పరీక్ష పెట్టే పద్ధతి మీద నాకున్న అభ్యంతరం ఇదే. పిల్లలు ముడిని చేతుల్లో చూపిస్తారు, మార్కులు పడతాయి, పనికీ ముడికీ మధ్య లంకె మాత్రం పడదు.

తాడును అడగాల్సిన ప్రశ్నలు

అనుభవం ఉన్నవాళ్ళు ముడి ఎంచుకునేటప్పుడు పైకి అనకపోయినా మూడు విషయాలు చూస్తారు. బరువు నిలకడగా పడుతుందా, కుదుపుతో పడుతుందా? విప్పాల్సినప్పుడు తాడు సడలి ఉంటుందా, బిగిసి ఉంటుందా? ముడి ఊడితే ఏం జరుగుతుంది?

ఈ ప్రశ్నలతో బోలైన్‌ను చూడండి. కొసన జారని ఉచ్చు చేసే ముడి ఇది. బరువు పెరిగేకొద్దీ మెడ దగ్గర మెలిక మరింత గట్టిగా నొక్కుతుంది, బరువు తీసేస్తే ఎంత బిగిసినా వెనక మడతను వంచి సులువుగా విప్పవచ్చు. ముడుల రారాజని దీన్ని పొగుడుతారు. దీనికీ రెండు లోపాలున్నాయి. బరువు మీద ఉన్నప్పుడు విప్పలేం. ఒడ్డున కట్టిన పడవ గాలికి లాగుతుండగా హఠాత్తుగా వదిలేయాల్సి వస్తే బోలైన్ చేతికి లొంగదు, అక్కడ రౌండ్ టర్న్ కావాలి. రెండోది, బిరుసైన తాడులో బరువు పడుతూ పోతూ ఊగులాడితే దానంతట అదే సడలిపోవచ్చు. అందుకే కొసను తాడు మందానికి పది పన్నెండు రెట్లు వదలమంటారు. అంటే 5 మిల్లీమీటర్ల తాడుకు 5, 6 సెంటీమీటర్లు.

తాడు దేనితో చేశారన్నదీ లెక్కలోకి వస్తుంది. పాలియెస్టర్ పెద్దగా సాగదు, ముడి బాగా పడుతుంది. నైలాన్ సాగుతుంది, కుదుపును మింగుతుంది. పాలీప్రొపిలీన్ నీళ్ళ మీద తేలుతుంది కాబట్టి పెయింటర్‌కు తగినది. డైనీమా చాలా బలమైనది, కానీ ఎంత నున్నన అంటే మామూలు తాడులో పట్టే ముడి దానిలో జారిపోవచ్చు. పాత తాడుతో నేర్చుకున్న పిల్లలు కొత్త డైనీమాతో తడబడితే వాళ్ళ చేతుల తప్పేమీ లేదు.

మూడో ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. తెరచాప అంచు మధ్యలో ఒక చిన్న ముడి ఊడితే అక్కడ సందు పడుతుంది, పడవ కాస్త నెమ్మదిస్తుంది. మాస్ట్‌ను పడవకు కట్టి ఉంచే తాడు ఊడితే కథ వేరు. పడవ బోల్తాపడి తలకిందులైనప్పుడు మాస్ట్ తన గుంటలోంచి జారుతుంది. సగం జారి మీటలా తిరిగితే పడవనే చీల్చగలదు, పూర్తిగా జారితే పడవను లేపినా తెరచాప ఉండదు. రెండూ సన్న తాళ్ళే, రెండిటికీ వేసేది చిన్న ముడే. తేడా ఊడినప్పుడు తెలుస్తుంది.

బిగించే వరుస వెనక కారణం

రిగ్గింగ్‌లో వరుస అంతా గాలి చుట్టూనే తిరుగుతుంది. పడవ ముక్కు గాలికి ఎదురుగా ఉంటే తెరచాప జెండాలా రెపరెపలాడుతుంది తప్ప పడవను లాగదు. పక్కకు తిరిగి ఉంటే నిలబెట్టిన మరుక్షణం గాలి నిండి, పడవ ట్రాలీ మీదనుంచి ఒరిగిపోతుంది. అందుకే మొదటి పని తాడు ముట్టుకోవడం కాదు, గాలి ఎటునుంచి వస్తోందో చూసి పడవను తిప్పడం. మాస్ట్ గుంటలో దిగగానే దాన్ని కట్టేయాలి. బూమ్ స్వేచ్ఛగా ఊగేలా మెయిన్‌షీట్ వదులుగా ఉండాలి. డాగర్‌బోర్డ్ మాత్రం చివరికి వస్తుంది, కింద లోతు లేనిచోట దాన్ని దించలేం కదా.

ఈ వరుసలో పిల్లల కళ్ళకు మంచి పని పెట్టేది స్ప్రిట్. దాని తాడు ఎంత లాగాలో అంకె చెప్పలేం, తెరచాపే చెబుతుంది. తాడు చాలనంత లాగితే, మాస్ట్ వైపు పై మూల నుంచి బూమ్ చివరి మూల దాకా గుడ్డ మీద ఏటవాలుగా ఒక ముడత పడుతుంది. ఎక్కువ లాగితే ముడత రెండో ఏటవాలుకు మారుతుంది: స్ప్రిట్ కొస దగ్గరి పై మూల నుంచి మాస్ట్ వైపు కింది మూలకు. నీళ్ళలోకి వెళ్ళాక గాలి పెరిగితే గుడ్డ మీద బలమూ పెరిగి మొదటి రకం ముడత మళ్ళీ కనిపించవచ్చు, అప్పుడు ఇంకొంచెం లాగాలి. ఏ ముడత దేనికి గుర్తో ఒకసారి పట్టుకున్న పిల్ల ఇక ఎవర్నీ అడగదు. తాడు లాగి వెనక్కి జరిగి చూస్తుంది, మళ్ళీ ముందుకొచ్చి వేలెడంత వదులుతుంది. ఆ చూపు రావడం పది ముడుల కన్నా విలువైనదని నా నమ్మకం.

చేతులకు ఎలా అలవడుతుంది

బోలైన్ నేర్పడానికి ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో తరతరాలుగా ఒక కథ చెబుతారు. కుందేలు బొరియలోంచి బయటికొస్తుంది, చెట్టు చుట్టూ తిరుగుతుంది, మళ్ళీ బొరియలోకి దూరుతుంది. కథ గుర్తుండిపోతుంది, అది దాని బలం. బలహీనత ఏమిటంటే బొరియ ఎటు తిప్పి వేయాలో కథలో లేదు. మొదటి మెలిక తిరగబడితే కుందేలు ఎంత బుద్ధిగా నడిచినా ముడి పడదు, లాగగానే విచ్చుకుంటుంది.

ఎదురుగా నిలబడి చూపించడంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. ఎదుటివారి కుడిచేయి పిల్లలకు ఎడమ వైపు కనిపిస్తుంది, దాన్ని మనసులో తిప్పుకోవడం చిన్నపిల్లలకు పెద్ద పని. పక్కన కూర్చునో, భుజం మీదుగానో చూపిస్తే ఆ పని తప్పుతుంది. ఎడమచేతి వాటం పిల్లలకు మాత్రం ఎదురుగా కూర్చోవడమే మేలు, అద్దంలో చూసినట్టు చేసుకుపోతారు. అలా వచ్చే తిరగేసిన బోలైన్ పట్టులో దేనికీ తీసిపోదు.

మరో పద్ధతి చివరి నుంచి మొదటికి నేర్పడం. శిక్షకుడు ముడిని దాదాపు పూర్తిచేసి ఇస్తాడు, పిల్ల ఆఖరి దూర్పు చేసి బిగిస్తుంది. తర్వాత ఆఖరి రెండు అడుగులు, ఆపైన మూడు. ప్రతిసారీ పని పూర్తయిన ముడితోనే ముగుస్తుంది కాబట్టి నిరుత్సాహం ఉండదు.

సాధన విషయంలో అసలు తగాదా ఉంది. ఒకే ముడిని వరసగా ఇరవైసార్లు వేయించాలా, ముడులు కలిపి మార్చిమార్చి వేయించాలా? 1979లో షియా, మోర్గన్ అనే పరిశోధకులు చేతి కదలికల మీద చేసిన ప్రయోగం ఈ రంగంలో బాగా పేరున్నది. ఒకే పని వరసగా చేసినవాళ్ళు సాధనలో మెరుగ్గా కనిపించారు. పనులు కలగాపులగంగా చేసినవాళ్ళు సాధనలో తడబడ్డా, తర్వాత గుర్తుపెట్టుకోవడంలో ముందున్నారు. అది ముడుల మీద చేసిన ప్రయోగం కాదు. పిల్లల మీద తర్వాత జరిగిన ఇలాంటి ప్రయోగాల్లో ఫలితాలు అన్నిచోట్లా ఒకేలా రాలేదు కూడా. పూర్తిగా కొత్తవాళ్ళకు ముందు కొంత వరస సాధన కావాలని చాలామంది శిక్షకులు అంటారు, అదీ సబబే. 'ఇంట్లో బాగా వేశాడు, పడవ దగ్గర మర్చిపోయాడు' అన్న ఫిర్యాదుకు మాత్రం దీనిలో సమాధానం కొంత దొరుకుతుంది. ఇంట్లో లావు తాడు, బల్ల మీద, ఒకటే ముడి. పడవ దగ్గర సన్నటి తడి తాడు, రెపరెపలాడే గుడ్డ, 'ఏ ముడి' అన్న ఎంపిక కూడా తనదే. చేతులకు అది వేరే పరీక్ష.

ఒడ్డున ముందు నేర్పాలా, పడవలోనే నేర్పాలా అన్న వాదాన్నీ ఈ కోణంలోంచి చూడవచ్చు. ఒడ్డున నేర్పితే ముడి ఆకారం ప్రశాంతంగా పట్టుబడుతుంది. పడవలో నేర్పితే ముడికి కారణం పట్టుబడుతుంది. చలి, గాలి, తొందర ఉన్నచోట కొత్త ఆకారం నేర్చుకోవడం చిన్నపిల్లలకు అన్యాయమని ఒక వర్గం అంటుంది. నీళ్ళు చూడకుండా వారం రోజులు తాళ్ళతో కూర్చోబెడితే సరదాయే చచ్చిపోతుందని ఇంకో వర్గం అంటుంది. చాలాచోట్ల ట్రాలీ మీద ఉన్న పడవే మధ్యేమార్గమవుతుంది. అది ఒడ్డునే ఉంటుంది, అయినా ప్రతి తాడూ తన అసలు చోట ఉంటుంది.

పెద్దలు చేసిపెట్టాలా?

పిల్లలే బిగించాలనే వాళ్ళ వాదన సూటిగా ఉంటుంది: నీళ్ళ మధ్య తాడు ఊడినప్పుడు పక్కన నాన్న ఉండడు. తను కట్టిన ముడినే పిల్ల బాగుచేసుకోగలదు. పెద్దలే సాయం చేయాలనే వాళ్ళూ తేలికగా తీసుకోదగ్గవాళ్ళు కారు. ఏడేళ్ళ పిల్ల చేతిలో, గాలిలో, తెరచాప చుట్టిన మాస్ట్ నిజంగా ప్రమాదమే. గంటసేపు బిగించి అలసిపోయిన పిల్ల నీళ్ళలోకి వెళ్ళి నేర్చుకునేదీ తక్కువే. పైగా చిన్న వేళ్ళకు బిగించే బలం చాలదు, ఆకారం సరిగ్గా ఉన్న ముడే వదులుగా మిగిలిపోతుంది.

నాకు కనిపించిన తేడా ఊడితే ఏమవుతుందన్న పాత ప్రశ్న దగ్గరే ఉంది. తెరచాప అంచు తాళ్ళు, స్ప్రిట్ బిగువు పిల్లలకే వదిలేయవచ్చు, తప్పయినా పడవ నెమ్మదిగా నడిచి పాఠం చెబుతుంది. మాస్ట్ తాడు, బోల్తాపడినా పడవను తేల్చి ఉంచే గాలి సంచుల పట్టీలు, చుక్కాని కొక్కెం పిల్లలే బిగించినా పెద్దల చెయ్యి ఒకసారి వాటి మీద పడాలి. చూస్తే చాలదు, పట్టుకుని లాగి చూడాలి. వదులుగా ఉన్న ముడి కంటికి బిగిసినట్టే కనిపిస్తుంది.

మెయిన్‌షీట్ కొసన ముడి: ఇంకా తేలని వాదం

మెయిన్‌షీట్ కొసన ఎనిమిది ఆకారంలో ఒక అడ్డుముడి వేస్తారు. చేయి జారితే తాడు కప్పీలోంచి పూర్తిగా బయటికి పోకుండా ఆపుతుంది. అది పోతే పిల్ల ఊగులాడే బూమ్ చివర కోసం నీళ్ళ మీదికి వంగాల్సి వస్తుంది, అందుకే ఎక్కువమంది ఈ ముడి తప్పనిసరి అంటారు.

ఎదుటి వాదన ఇది. ఆప్టిమిస్ట్, లేజర్ లాంటి పడవల్లో మాస్ట్‌ను పక్కలనుంచి లాగి పట్టే తీగలు ఉండవు. గాలి వెనకనుంచి ఉద్ధృతంగా తోసినప్పుడు తాడును పూర్తిగా వదిలేస్తే, తెరచాప ముందుకు తిరిగి జెండాలా గాలిని వదిలేస్తుంది, పడవ శాంతిస్తుంది. కొసన ముడి ఉంటే తెరచాప అడ్డంగా ఆగిపోయి గాలి నింపుకుంటూనే ఉంటుంది. పక్క తీగలున్న పడవల్లో బూమ్ ఎలాగూ ఆ తీగల దగ్గరే ఆగుతుంది కాబట్టి అక్కడ ఈ వాదన చెల్లదు.

రెండు పక్షాలకూ కుదిరే దారి తాడు పొడవులో ఉంది. పడవ ట్రాలీ మీద, ముక్కు గాలికి ఎదురుగా ఉన్నప్పుడు ఒకరు బూమ్‌ను చేత్తో నెట్టి పడవకు అడ్డంగా, ఆపైన ఇంకొంచెం ముందుకు తీసుకెళతారు. పిల్ల కప్పీ దగ్గర తాడు ఎంత మిగిలిందో చూస్తుంది. బూమ్ అంత దూరం పోయాక కూడా కప్పీ ఇవతల మూరెడు తాడు మిగిలితే, అడ్డుముడి వేయాల్సిన చోటు అదే. మిగలకపోతే ముడి ఉండాలా వద్దా అన్నది పక్కన పెట్టి, ముందు పొడవాటి తాడు తెచ్చుకోవాలి.